ఇంజిన్‌కి సాక్రిఫైస్ కనిపించలేదా, కనిపించినా నచ్చలేదా? తేల్చుకునే పద్ధతి

చెస్ ఇంజిన్ (ఎత్తులు లెక్కేసే ప్రోగ్రామ్) ఒక సాక్రిఫైస్‌ని, అంటే పెద్ద లాభం కోసం కావాలనే పావును వదులుకునే ఎత్తును, పట్టుకోలేదంటే మూడింట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. ఆ ఎత్తును అది లోతుగా చూడనే లేదు. లేదా చూసింది, కానీ చివర్లో వచ్చే పొజిషన్ దానికి నచ్చలేదు. లేదా మనం మురిసిపోతున్న సాక్రిఫైసే తప్పు. చాలామంది మొదట కనిపించిన స్కోరు చూసి "ఇంజిన్‌కి అర్థం కాలేదు" అనో, "ఈ సాక్రిఫైస్ వేస్ట్" అనో తేల్చేస్తారు. ఈ మూడింటినీ విడదీయకుండా ఆ రెండు మాటల్లో ఏదీ అనడానికి లేదు. విడదీయడం మరీ కష్టమైన పనేం కాదు, ఒక సాయంత్రం కూర్చుంటే అలవాటైపోతుంది.

చెన్నైలో చెస్ పిచ్చి గురించి కొత్తగా చెప్పేదేముంది. 2022లో మామల్లపురంలో ఒలింపియాడ్ జరిగాక, 2024 డిసెంబర్‌లో గుకేశ్ వరల్డ్ ఛాంపియన్ అయ్యాక మరీ ఎక్కువైంది, అందులోనూ మా తెలుగు ఇళ్ళల్లో "మనవాళ్ళ అబ్బాయే" అన్న గర్వం ఒకటి అదనం. మా వేళచ్చేరి అపార్ట్‌మెంట్‌లో పిల్లలు ఫోన్ పట్టుకొచ్చి "అంకుల్, స్టాక్‌ఫిష్ ఇది బ్లండర్ అంటోంది, మా సార్ సూపర్ అన్నారు, ఎవరు కరెక్ట్?" అని అడుగుతుంటారు. స్టాక్‌ఫిష్ అంటే అందరూ వాడే చెస్ ఇంజిన్. వాళ్ళ కోసం, వాళ్ళకంటే ఎక్కువ టెన్షన్ పడే వాళ్ళ నాన్నల కోసం రాస్తున్నాను.

ముందు ఒక చిన్న సంగతి. ఇంజిన్‌కి సాక్రిఫైస్ అనే ఆలోచనే లేదు. పావు పోతోంది, ధైర్యం చేద్దామా అని అది అనుకోదు. ఎత్తుల చెట్టును వెతుకుతుంది, వెతకడం ఆపిన చోట ఆ పొజిషన్‌కి ఒక అంకె వేస్తుంది, ఆ అంకెల్ని వెనక్కి మోసుకొస్తుంది. అంతే. పాత ఇంజిన్లలో బంటుకి ఇంత, గుర్రానికి ఇంత, ఏనుగుకి ఇంత అని మనుషులే చేత్తో రాసిన లెక్క ఉండేది. 2020లో స్టాక్‌ఫిష్ 12తో ఎన్ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ వచ్చింది, 2023లో ఆ చేత్తో రాసిన లెక్కను కోడ్‌లోంచి పూర్తిగా తీసేశారు. కాబట్టి "ఇంజిన్ మెటీరియల్ పిచ్చిది, పావులు లెక్కపెట్టడమే దానికి తెలుసు" అన్న మాట ఇప్పుడు పాతబడింది. రాజు చుట్టూ గాలి ఆడుతోందా, పావులు కదిలే చోటు ఉందా అన్నది ఆ నెట్‌వర్క్ బాగానే పసిగడుతుంది.

ఇప్పటి ఇంజిన్ ఫెయిలయితే నేను ముందు అనుమానించేది సెర్చ్‌నే. ఒక్కో పొజిషన్‌లో ముప్ఫై నలభై ఎత్తులుంటాయి, అన్నింటినీ సమానంగా వెతికితే ఇరవై ఎత్తుల లోతుకి ఎప్పటికీ చేరదు. అందుకని బాగా కనిపించే ఎత్తుల్ని ముందు పెట్టుకుని, మిగతావాటిని తక్కువ లోతుకే చూసి వదిలేస్తుంది, కొన్నింటిని అసలే చూడదు. కోయంబేడు మార్కెట్‌లో వంకాయలు ఏరేవాడు పైన మచ్చ కనిపిస్తే చాలు పక్కన పడేస్తాడు, కోసి చూడడు కదా, ఇదీ అలాంటిదే. ఒక గడిలో పావు పెడితే అవతలివాడు ఊరికే కొట్టేస్తాడా అని చూసే చిన్న లెక్క ఒకటి ఇంజిన్‌లో ఉంటుంది, దాన్ని స్టాటిక్ ఎక్స్‌ఛేంజ్ ఎవాల్యుయేషన్ అంటారు. సాక్రిఫైస్ అంటేనే ఆ లెక్కలో నష్టం. అంటే ప్రతి సాక్రిఫైసూ మచ్చతోనే పుడుతుంది.

దీన్నిబట్టి ఏ సాక్రిఫైస్ ఇంజిన్‌కి తేలికో, ఏది కష్టమో ముందే ఊహించవచ్చు. చెక్‌తో మొదలై చెక్‌లతోనే నడిచేది చాలా తేలిక, ఎందుకంటే అవతలివాడికి జవాబులు రెండో మూడో ఉంటాయి, చెట్టు సన్నగా ఉంటుంది. లెగాల్ మేట్ అందరికీ తెలుసు: ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 డీ6, బిషప్ సీ4 బిషప్ జీ4, గుర్రం సీ3 జీ6, ఇప్పుడు తెల్ల గుర్రం ఈ5 బంటును కొడుతుంది, మంత్రి పోతుంది, బిషప్ ఎఫ్7 చెక్, రాజు ఈ7, గుర్రం డీ5 మేట్. నల్లవాడు మంత్రిని కొట్టకుండా గుర్రాన్ని కొడితే తెల్ల మంత్రి జీ4 బిషప్‌ని కొడుతుంది, ఒక బంటు లాభం. ఏ ఫోన్‌లో అయినా రెప్పపాటులో దొరుకుతుంది. ఇలాంటివాటితో ఇంజిన్‌ని టెస్ట్ చేసి లాభం లేదు. కష్టమైనవి ఏవంటే, చెక్ కాదు, కొట్టడం కాదు, ఊరికే ఒక పావును తీసుకెళ్ళి బంటు నోటి ముందు పెట్టి "కొట్టుకో" అని కూర్చునేవి.

పొజిషన్లు ఎంచుకోవడం

రెడీమేడ్ టెస్ట్ సెట్లు చాలా ఉన్నాయి. 1982 నాటి బ్రాట్కో కోపెక్ టెస్ట్‌లో 24 పొజిషన్లుంటాయి, సగం టాక్టికల్, సగం బంట్ల ఎత్తుగడలు. పియర్ నొలో 1990లలో ఏరిన 11 పొజిషన్లు అప్పటి కంప్యూటర్లకి చుక్కలు చూపించాయి. ఈ సెట్లు ఈపీడీ అనే ఫార్మాట్‌లో దొరుకుతాయి, ఒక్కో వరుసలో పొజిషన్, పక్కన బెస్ట్ మూవ్ అనో, ఈ ఎత్తు ఆడకూడదు అనో రాసి ఉంటుంది. దించుకోండి, కానీ జవాబుల్ని వేదంలా నమ్మకండి. పాత సెట్లలో జవాబులు రాసింది మనుషులు, అవతలివాడు తెలివిగా ఆడితే ఏమవుతుందో అన్ని చోట్లా చూసి ఉండరు.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ 1999లో నెదర్లాండ్స్‌లోని వైకాన్‌జీ టోర్నమెంట్‌లో కాస్పరోవ్, టోపలోవ్ ఆట. 24వ ఎత్తులో కాస్పరోవ్ ఏనుగుతో డీ4 బంటును కొట్టాడు. టోపలోవ్ సీ5 బంటుతో ఏనుగును కొట్టాడు, తర్వాత రెండో ఏనుగు ఈ7కి వచ్చి చెక్ చెప్పింది, అక్కణ్ణుంచి నల్ల రాజు బోర్డంతా ఊరేగి చివరికి తెల్లవాడి మొదటి వరుసలోకి వెళ్ళి పడ్డాడు. అద్భుతం, ఎవరూ కాదనరు. కానీ టోపలోవ్ ఏనుగును ముట్టుకోకుండా రాజును బీ6కి జరిపి ఉంటే నల్లవాడు హాయిగా నిలబడేవాడు. మరి ఈ పొజిషన్‌ని 24వ ఎత్తు ముందు పెట్టి "ఏనుగు డీ4 దొరకాలి" అని ఇంజిన్‌ని పరీక్షిస్తే? ఇంజిన్ లెక్కేసేది టోపలోవ్ ఆడింది కాదు, టోపలోవ్ ఆడాల్సింది. దాని అంకెలో రాజు బీ6 ఉంది. అప్పుడది ఇంకో ఎత్తు చూపిస్తే తప్పు పట్టడానికి మీకు హక్కు లేదు. అదే పొజిషన్‌ని ఏనుగు పోయాక, 25వ ఎత్తు ముందు పెట్టండి, ఇప్పుడు ప్రశ్న సూటిగా ఉంటుంది, ఏనుగు ఈ7 చెక్ దొరికిందా లేదా. టెస్ట్ పొజిషన్‌ని ఏ ఎత్తు దగ్గర నిలబెడుతున్నారన్నది సగం పని.

అందుకే నేను పెట్టుకున్న రూల్: గెలిచే ఎత్తు ఒక్కటే ఉండాలి, రెండో మంచి ఎత్తుకీ దానికీ మధ్య తేడా స్పష్టంగా ఉండాలి. సాక్రిఫైస్ చేస్తే ఇంజిన్ స్కోరు ప్లస్ మూడు, మామూలుగా ఆడినా ప్లస్ రెండున్నర అయితే అది టెస్ట్ కాదు, అందం.

సెట్టింగులు

ల్యాప్‌టాప్ ఉంటే స్టాక్‌ఫిష్ దించుకుని అరీనా, క్యూట్ చెస్, ఎన్ క్రోయిసాంట్ లాంటి ఏదో ఒక ఉచిత ప్రోగ్రామ్‌లో పెట్టుకోండి. ఫోన్‌లో డ్రాయిడ్‌ఫిష్ చాలు. లీచెస్ వెబ్‌సైట్‌లోని అనాలిసిస్ బోర్డు కూడా పనికొస్తుంది కానీ ఒక జాగ్రత్త: బాగా తెలిసిన పొజిషన్లకి అక్కడ ముందే లోతుగా లెక్కేసి దాచిన క్లౌడ్ స్కోరు వచ్చేస్తుంది. మీరు "అబ్బ, ఒక్క క్షణంలో కనిపెట్టింది" అనుకుంటారు, నిజానికి మీ ఫోన్ ఏమీ కనిపెట్టలేదు.

థ్రెడ్స్ 1కి పెట్టండి. నాలుగైదు కోర్లతో నడిపితే వేగంగా వస్తుంది నిజమే, కానీ ఒకే పొజిషన్‌ని రెండుసార్లు ఇస్తే రెండు రకాలుగా నడుస్తుంది, ఒకసారి మూడు సెకన్లకి దొరికింది ఇంకోసారి నిమిషం పట్టొచ్చు. పోల్చి చూడాలంటే ఒక్క థ్రెడ్డే మేలు. హ్యాష్ మెమరీ ఒక జీబీ ఇవ్వండి, ఒక పొజిషన్ అయ్యాక ఇంకోదానికి వెళ్ళే ముందు హ్యాష్ క్లియర్ చేయండి, లేకపోతే పాత లెక్కల జ్ఞాపకం కొత్తదాంట్లోకి వస్తుంది.

టైమ్ బదులు నోడ్స్ లిమిట్ పెట్టండి, నోడ్స్ అంటే ఇంజిన్ చూసే పొజిషన్ల సంఖ్య. ఇది మన ఊళ్ళో మరీ ముఖ్యం. మే నెల కత్తిరి ఎండల్లో, ఏసీ లేని గదిలో, ల్యాప్‌టాప్ పది నిమిషాలు నడిస్తే ఫ్యాన్ హెలికాప్టర్ సౌండ్ చేస్తుంది, ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. మొదటి పొజిషన్‌కి ముప్ఫై సెకన్లలో చూసినంత పదో పొజిషన్‌కి చూడదు. "వంద మిలియన్ నోడ్స్" అని చెబితే ఎండైనా వానైనా అంతే చూస్తుంది.

నడిపేటప్పుడు ఏం చూడాలి

అందరూ డెప్త్ చూస్తారు. డెప్త్ 30 అంటే ముప్ఫై అడుగులూ అన్ని దారుల్లో చూసిందని కాదు, ముఖ్యమనుకున్న దారిలో అంత, మచ్చపడ్డ ఎత్తుల్లో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి "డెప్త్ 30 దాటింది, ఇంకా కనిపెట్టలేదు, అంటే ఎత్తు తప్పు" అనకండి.

మీరు రాసుకోవాల్సింది: సాక్రిఫైస్ మొదటిసారి పైకి వచ్చినప్పుడు ఎన్ని నోడ్స్, తర్వాత మళ్ళీ పోయిందా, చివరికి స్థిరపడ్డప్పుడు ఎన్ని, అప్పటి స్కోరు ఎంత. చాలా సాక్రిఫైస్‌లు ఒకసారి తళుక్కుమని మాయమవుతాయి, ఇంజిన్‌కి ఒక డిఫెన్స్ దొరికింది, తర్వాత ఆ డిఫెన్స్‌కి జవాబు దొరికి మళ్ళీ పైకొస్తుంది. ఆ వచ్చి పోవడంలోనే ఆట ఉంది, అవతలివాడి గట్టి డిఫెన్స్ ఏదో అక్కడ తెలుస్తుంది. పిల్లలకి నేను చూపించేది కూడా చివరి జవాబు కాదు, ఆ మధ్యలో మాయమైన చోటే.

స్కోరు విషయానికొస్తే, 2022 చివర్లో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి ప్లస్ 1.00 అంటే ఒక బంటు ఎక్కువని కాదు, సమాన బలం ఉన్న ఇంజిన్ల మధ్య గెలిచే అవకాశం 50 శాతం అని. మిగతా సగంలో ఎక్కువభాగం డ్రా. అందుకని "ఏనుగు ఇచ్చాం, స్కోరు ప్లస్ 1.2, అంటే ఆరు బంట్ల విలువ వెనక్కొచ్చింది" లాంటి కూడికలు పనికిరావు. గెలుపు, డ్రా, ఓటమి శాతాలు చూపించే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. ఇక స్కోరు 0.00 అని కొట్టొచ్చినట్టు కనిపిస్తే చాలాసార్లు ఎక్కడో చెక్‌ల మీద చెక్‌లతో పొజిషన్ రిపీట్ అవుతోందని అర్థం. సాక్రిఫైస్ పొజిషన్లలో 0.00 అంటే ఇంజిన్ చేతులెత్తేసిందనుకోకండి, ఓడిపోయే ఆటలో అయితే అదే బెస్ట్ మూవ్.

అసలు కిటుకు: ఎత్తును మీరే ఆడించండి

ఇంజిన్ సాక్రిఫైస్‌ని చూపించలేదు. సరే, ఆ ఎత్తును బోర్డు మీద మీరే ఆడేసి, అవతలివాడి వైపు నుంచి లెక్కేయమనండి. ఇప్పుడది తప్పించుకోలేదు, మచ్చ ఉందని పక్కన పెట్టడానికి లేదు. కాసేపట్లోనే స్కోరు మీ సాక్రిఫైస్ వైపుకి తిరిగితే, మొదట జరిగింది కేవలం చూడకపోవడం. ఎంతసేపు నడిపినా తిరగలేదా, ఇంకో నాలుగు ఎత్తులు ముందుకి ఆడించి చూడండి. అక్కడ కూడా తిరగకపోతే నూటికి తొంభై పాళ్ళు సాక్రిఫైసే తప్పు. నాలుగు ఎత్తులు ముందుకెళ్ళాక హఠాత్తుగా తిరిగితే మాత్రం మంచి సరుకు దొరికినట్టే. అప్పుడు హ్యాష్ క్లియర్ చేయకుండా ఒక్కో ఎత్తు వెనక్కి రండి, ప్రతి చోటా కాస్త నడవనివ్వండి. ముందు చూసినదంతా మెమరీలో ఉంటుంది కాబట్టి మొదటి పొజిషన్‌కి వచ్చేసరికి తిరస్కరించిన ఎత్తునే పైన చూపించవచ్చు. టెస్ట్‌గా ఇది లెక్కలోకి రాదు, సాయం చేశాం కదా, కానీ నిజం తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

ఇంకో దారి మల్టీపీవీ, అంటే ఒక్క లైన్ కాకుండా నాలుగైదు లైన్లు చూపించమనడం. అలా అడిగితే ఇంజిన్ నాలుగో ఐదో ఎత్తుకి కూడా పూర్తి స్కోరు తేల్చాలి, మచ్చ ఎత్తులు ఆ వంకన వెలుగులోకి వస్తాయి. టైమ్ ఎక్కువ తింటుంది, అయినా దాగిన సాక్రిఫైస్‌లకి ఒక్కోసారి మామూలు పద్ధతికంటే త్వరగా జవాబిస్తుంది. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్ళు సెర్చ్‌మూవ్స్ అని ఇచ్చి ఆ ఒక్క ఎత్తునే వెతకమనవచ్చు.

మన చెన్నై పొజిషన్‌తో చేసి చూడండి. 2013 వైకాన్‌జీలో ఆరోనియన్ మీద ఆనంద్ నల్లపావులతో ఆడిన ఆట, 15వ ఎత్తు, నల్లవాడి వంతు. తెల్లవి: రాజు జీ1, మంత్రి సీ2, ఏనుగులు ఏ1, ఎఫ్1, బిషప్‌లు సీ1, డీ3, గుర్రాలు సీ3, హెచ్7, బంట్లు ఏ3, బీ2, డీ4, ఎఫ్4, జీ2, హెచ్2. నల్లవి: రాజు జీ8, మంత్రి డీ8, ఏనుగులు సీ8, ఎఫ్8, బిషప్‌లు బీ7, డీ6, గుర్రాలు డీ7, జీ4, బంట్లు ఏ7, బీ5, ఈ6, ఎఫ్7, జీ7. హెచ్7 గుర్రం ఎఫ్8 ఏనుగును కొరకడానికి సిద్ధంగా ఉంది, ఒక బంటు ఇప్పటికే తక్కువ. ఆనంద్ ఏనుగును కాపాడలేదు, బిషప్‌ని తీసుకెళ్ళి సీ5లో, డీ4 బంటు ముందు పెట్టారు. ఆరోనియన్ బిషప్‌ని ఈ2కి జరిపితే ఇంకో గుర్రం ఈ5కి వచ్చింది, అదీ బంట్లు కొట్టగలిగే గడే. ఏనుగు పోయాక కూడా తొందరపడకుండా ఎఫ్5 అని ఒక బంటు తోశారు. 23 ఎత్తుల్లో ఆరోనియన్ రిజైన్. ఈ ఆటలో బిషప్ సీ5, గుర్రం ఈ5, బంటు ఎఫ్5 మూడింటి దగ్గరా విడివిడిగా ఇంజిన్‌ని ఆపి నోడ్స్ రాసుకోండి. మూడూ చెక్‌లు కావు, మూడింట్లోనూ ఏదీ కొట్టడం లేదు.

లీలా సంగతి వేరు

లీలా చెస్ జీరో అనే ఇంకో ఇంజిన్ వెతికే పద్ధతే వేరు. అది పొజిషన్ చూడగానే ఏ ఎత్తు ఆడబుద్ధేస్తోందో ముందు శాతాల్లో చెప్పేస్తుంది, ఆ శాతాల్ని బట్టే ఒక్కో ఎత్తుకి విజిట్లు, అంటే ఆ వైపు ఎన్నిసార్లు వెళ్ళి చూడాలన్నది, పంచుతుంది. దీర్ఘకాలం ఫలితమిచ్చే సాక్రిఫైస్‌లు, అంటే ఒక ఎక్స్‌ఛేంజ్ (బిషప్‌కో గుర్రానికో బదులుగా ఏనుగు) ఇచ్చి అవతలివాడి పావుల్ని మూలన కట్టేసే రకం, అది చాలా సహజంగా ఆడుతుంది. కానీ వింత ఎత్తుకి మొదటి శాతం మరీ తక్కువ పడితే ఆ వైపు విజిట్లే వెళ్ళవు, పదునైన టాక్టిక్స్‌లో అలా దొరికిపోతుంది. వెర్బోస్ మూవ్ స్టాట్స్ ఆన్ చేస్తే ప్రతి ఎత్తుకీ ఆ శాతం, విజిట్లు, అంచనా మూడూ కనిపిస్తాయి. శాతం తక్కువ, విజిట్లు తక్కువ అయితే చూడలేదు. విజిట్లు బోలెడు, అంచనా తక్కువ అయితే చూసి వద్దనుకుంది. మనకి కావలసిన తేడా స్టాక్‌ఫిష్‌కంటే ఇందులోనే నేరుగా దొరుకుతుంది.

టెస్ట్‌లో ఎక్కువ పొజిషన్లు సాల్వ్ చేసింది కాబట్టి ఆ ఇంజినే గొప్పది అన్న వాదన ఒకటి వినిపిస్తుంటుంది, దాన్ని నేను ఒప్పుకోను. స్టాక్‌ఫిష్‌లో ఏ మార్పు పెట్టాలో తేల్చేది పజిల్స్‌తో కాదు, వేలకొద్దీ ఆటలు ఆడించి. మచ్చ ఎత్తుల్ని కూడా ఓపిగ్గా చూసేలా మారిస్తే పజిల్స్ త్వరగా వస్తాయి, మామూలు ఆటల్లో మాత్రం వెనకబడుతుంది. పిల్లల విషయంలోనూ ఒక మాట: గుకేశ్‌ని గ్రాండ్‌మాస్టర్ స్థాయికి వచ్చేదాకా ఇంజిన్‌కి దూరంగానే ఉంచారు కోచ్ విష్ణు ప్రసన్న. పైన చెప్పిన ప్రయోగాలన్నీ పిల్లాడు తన జవాబు కాగితం మీద రాశాకే మొదలుపెట్టండి.

చివరగా ఒకటి మీరే చేయడానికి, పావులు తక్కువ కాబట్టి పెట్టుకోవడం తేలిక. 1998లో స్పెయిన్‌లోని లినారెస్ టోర్నమెంట్, టోపలోవ్ మీద షిరోవ్, 47వ ఎత్తు, నల్లవాడి వంతు. తెల్లవి: రాజు జీ1, బిషప్ సీ3, బంట్లు జీ2, హెచ్4. నల్లవి: రాజు ఈ6, బిషప్ ఎఫ్5, బంట్లు ఏ4, డీ5, ఎఫ్6, జీ6. షిరోవ్ బిషప్‌ని హెచ్3లో పెట్టాడు, ఊరికే పోయేలా. నల్ల రాజు ఈ4కి చేరాలి, తెల్ల రాజు ఈ3కి రాకముందే. దానికి ఎఫ్5 గడి ఖాళీ కావాలి, ఒక టెంపో (ఒక ఎత్తు ఆదా) కావాలి, బిషప్ తన దారికే అడ్డం రాకూడదు. బిషప్ ఈ4కి వెళ్ళినా జీ2 మీద దాడే, కానీ రాజుకి కావలసిన గడిలో తనే కూర్చుంటుంది. తెల్లవాడు బిషప్‌ని కొడితే రాజు ఎఫ్5, తర్వాత ఈ4, ఎఫ్6 బంటు పోయినా ఏ, డీ బంట్లు రెండింటినీ ఒక్క బిషప్ ఆపలేదు. కొట్టకుండా రాజు ఎఫ్2కి వస్తే నల్ల రాజు ఎఫ్5, తెల్ల రాజు ఎఫ్3, అప్పుడు బిషప్ జీ2 బంటును కొట్టి చెక్.

ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌లు (పావులు తక్కువున్న పొజిషన్లకి ముందే లెక్కేసి పెట్టిన జవాబులు) పెట్టుకుని ఉంటే ముందు ఆఫ్ చేయండి, ఒకసారి అవి లేకుండా, ఒకసారి అవి పెట్టి నడపండి. మొదట ఒక్క లైన్‌తో, తర్వాత ఐదు లైన్లతో, ఆ తర్వాత బిషప్ హెచ్3 మీరే ఆడించి. ప్రతిసారీ హ్యాష్ క్లియర్ చేసి, ఆ ఎత్తు స్థిరపడ్డ (మీరే ఆడించినప్పుడైతే స్కోరు తిరిగిన) నోడ్స్ సంఖ్యను పక్కపక్కనే రాసుకోండి.